కౌన్సెలింగ్‌కు ముందు, కాలేజీలో చేరాక: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఇంటర్ ఫలితాలు, ప్రవేశ పరీక్షల ర్యాంకులు వెలువడ్డాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఏ కాలేజీలో చేరాలి, ఏ కోర్సు తీసుకోవాలి, చేరాక ఎలా నడుచుకోవాలి అన్న విషయాల చుట్టూనే తిరుగుతుంటాయి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటిని ఈసారి తీసుకున్నాం. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ఇవ్వడం లేదు. రెండు కాలేజీల పేర్లు రాసి ఏది మంచిదో చెప్పమన్నవారు కొందరున్నారు. ఇక్కడ కూర్చుని అలాంటి తీర్పు ఇవ్వడం భావ్యం కాదు కనుక, తేల్చుకునే పద్ధతిని మాత్రం మొదటి సమాధానంలో వివరంగా చెప్పాం.

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర పల్లె, వ్యవసాయం మీద బతుకుతున్నాం. మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. కర్నూలులో చాలా ఏళ్ళుగా నడుస్తున్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు రావచ్చంటున్నారు. వేరే ఊళ్ళో కొత్తగా పెట్టిన కాలేజీవాళ్ళు ఇంటికి వచ్చి, కంప్యూటర్ సైన్స్ సీటు గ్యారంటీగా ఇస్తామని చెప్పి, లక్షల ప్యాకేజీలు వచ్చిన పిల్లల ఫొటోలున్న కాగితం ఇచ్చి పోయారు. ఏది మేలు? (ఒక తండ్రి, పత్తికొండ)

సమాధానం: సంతలో ఎద్దును కొనేటప్పుడు మీరు అమ్మేవాడి మాట విని రొక్కం చేతిలో పెట్టరు. పళ్ళు చూస్తారు, కాడి కట్టి నాలుగడుగులు నడిపిస్తారు. కాలేజీని కూడా అలాగే చూడాలి. వాళ్ళంతట వాళ్ళు ఇచ్చిన కాగితాన్ని పక్కన పెట్టి, నిబంధనల ప్రకారం వాళ్ళు బయటపెట్టక తప్పని కాగితాలను చూడాలి. అవి అందరికీ అందుబాటులోనే ఉన్నా, వెతికి చదివే తల్లిదండ్రులు మాత్రం తక్కువ.

ముందుగా, చదువు నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే న్యాక్, ఎన్‌బీఏ అనే రెండు సంస్థల మధ్య తేడా తెలుసుకోండి. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడివిడిగా ఇచ్చేది. ఒకే కాలేజీలో మెకానికల్‌కు ఎన్‌బీఏ ఉండి, మీ అమ్మాయి చేరబోయే బ్రాంచికి లేకపోవచ్చు. గేటు మీద బోర్డు మాత్రం అన్నిటికీ ఉన్నట్టే కనిపిస్తుంది. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వస్తే గాని ఒక కోర్సు ఎన్‌బీఏకు దరఖాస్తు చేసుకునే వీలుండదు. కాబట్టి ఈమధ్య కొత్త పేర్లతో పెట్టిన కోర్సులకు ఆ గుర్తింపు లేకపోవడం తప్పేమీ కాదు. అలాంటి కోర్సుకు కూడా ఉందని చెప్పేవారి మిగతా మాటలను మాత్రం నమ్మకండి.

రెండోది అధ్యాపకుల లెక్క. ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతినిచ్చే ఏఐసీటీఈ ప్రతి కాలేజీనీ తన వెబ్‌సైటులో అధ్యాపకుల పేర్లు, వారి చదువు, ఫీజులు, సీట్ల సంఖ్య పెట్టమంటుంది. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది దాని ప్రమాణం. ఒక బ్రాంచిలో ఏడాదికి 240 సీట్లుంటే నాలుగేళ్ళకు 960 మంది అవుతారు గనుక 48 మంది అధ్యాపకులు కనబడాలి. 2024-25 నుంచి ఏఐసీటీఈ సీట్ల మీద ఉన్న గరిష్ఠ పరిమితిని ఎత్తివేయడంతో చాలాచోట్ల కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు ఒక్కసారిగా పెరిగాయి. సీట్లు పెరిగిన ఏడాదే పాఠం చెప్పేవాళ్ళూ, ల్యాబులూ పెరిగాయా అన్నది మీరు తప్పక అడగాల్సిన ప్రశ్న. జాబితాలో ఉన్న పేర్లలో పీహెచ్‌డీ చేసినవారు ఎందరో, ఆ కాలేజీలో మూడేళ్ళకు మించి పనిచేస్తున్నవారు ఎందరో కూడా చూడండి. ఏటా అధ్యాపకులు మారిపోయే చోట నాలుగో సంవత్సరం ప్రాజెక్టుకు దిక్కుండదు.

మూడోది ఆ ఫొటోల కాగితం. అత్యధిక ప్యాకేజీ అనేది ఒక్క విద్యార్థి సంగతి. మీ అమ్మాయికి అక్కరకొచ్చేది వరుసలో సరిగ్గా మధ్యన నిలబడిన విద్యార్థి సంగతి. జాతీయ ర్యాంకుల కోసం ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొన్న ప్రతి విద్యాసంస్థా తాను సమర్పించిన వివరాలను సొంత వెబ్‌సైటులో ఉంచాలి. ఎంతమంది చేరారు, వారిలో ఎంతమంది గడువులోగా పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి జీతాల్లో మధ్యస్థం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్ళారు అన్న అంకెలు అందులో ఉంటాయి. ర్యాంకు రాకపోయినా ఆ కాగితం పనికొస్తుంది. అడిగితే చూపించడానికి నసిగే కాలేజీని జాబితాలో కిందికి దించండి.

ఇవన్నీ చూశాక ఒకసారి పనిదినాన కాలేజీకి వెళ్ళండి. ఆదివారమో, వాళ్ళు పిలిచిన రోజో కాదు, క్లాసులు నడిచే మామూలు రోజున వెళ్ళాలి. మీరు చదువుకోలేదని వెనకాడవలసిన పని లేదు, ఎందుకంటే అక్కడ చూడాల్సినవి కంటికి కనిపించేవే. లైబ్రరీలో పుస్తకం వెనకట్టకు అతికించిన చీటీ మీద తేదీల ముద్రలు వేసే పద్ధతి ఇంకా ఉంటే, మీ అమ్మాయి చేత రెండో సంవత్సరం పాఠ్యపుస్తకం ఒకటి తీయించి ఆ చీటీ చూడండి. చివరి ముద్ర మూడేళ్ళ కిందటిదైతే ఆ పుస్తకాన్ని మూడేళ్ళుగా ఎవరూ ఇంటికి తీసుకుపోలేదని అర్థం. ల్యాబు తలుపు దగ్గర నిలబడి ఒక్కో బల్ల దగ్గర ఎంతమంది ఉన్నారో చూడండి. ఇద్దరు ముగ్గురు ఉంటే పని జరుగుతున్నట్టు. ఎనిమిది మంది గుమిగూడి ఒకడు మీట తిప్పుతుంటే మిగిలిన ఏడుగురూ అతని అంకెలే రాసుకుంటారు. బయట టీ అంగడి దగ్గర చివరి సంవత్సరం పిల్లలు దొరికితే, కిందటి సెమిస్టరులో ఎన్ని క్లాసులు జరగలేదో అడగండి. ఆఫీసులో చెప్పనివన్నీ వాళ్ళే చెబుతారు.

ఇక గ్యారంటీ మాట. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. ర్యాంకు, రిజర్వేషను, మీరు పెట్టిన ఆప్షన్ల వరుసను బట్టి కంప్యూటర్ కేటాయించే ఆ సీట్లను గ్యారంటీగా ఇప్పించే శక్తి ఎవరికీ లేదు. వాళ్ళు చెబుతున్నది 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా సీటు. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. నాలుగేళ్ళ ఫీజు, హాస్టలు కలిపి లెక్క వేసుకుని, ఆ అప్పు మోయగలరో లేదో మీరే తేల్చుకోండి.

వెబ్ ఆప్షన్ల గురించి ఒక అపోహ బలంగా ఉంది. పెద్ద కాలేజీ మొదట పెడితే చిన్నది కూడా చేజారుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. పై నుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకు అందే మొదటి సీటును ఇస్తారు. కాబట్టి ఇష్టం ప్రకారమే వరుస పెట్టాలి, ఎక్కువ ఆప్షన్లు పెట్టాలి, వచ్చినా చేరమనుకున్న కాలేజీని మాత్రం పెట్టకూడదు. కిందటి ఏడాది చివరి ర్యాంకుల పట్టిక చూసేటప్పుడు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతపు అంకెలను చూడండి. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాలు ఆ పరిధిలోకి వస్తాయి. ఇక్కడి సీట్లలో 85 శాతం ఇక్కడివారివే. గుంటూరు, విశాఖ వైపు కాలేజీలకు మాత్రం మీ అమ్మాయి మిగిలిన 15 శాతంలోనే పోటీ పడాలి. ఈ తేడా గమనించక ఆశ పెట్టుకుని నష్టపోయినవారు ఏటా కనిపిస్తారు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. పైన చెప్పిన పరీక్షలకు కర్నూలు కాలేజీ నిలబడితే ఆ ఈసీఈ సీటే మేలు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ఈసీఈ పిల్లలనూ తీసుకుంటాయి. ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి ఉంటే కంప్యూటర్ సైన్స్‌ను మైనరుగా, అంటే అదనపు సబ్జెక్టుగా చదివే ఏర్పాటు కూడా ఉందేమో అక్కడే కనుక్కోవచ్చు. అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివినా అందులో అమ్మాయి ఏమంటోందో ఒక్క మాట కనిపించలేదు. ఆప్షన్ల వరుస ఖరారు చేసే ముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

ప్రశ్న: మా అబ్బాయికి సీటు ఖాయం చేస్తామని ఒక కాలేజీ తరఫున వచ్చిన వ్యక్తి ఇరవై వేలు అడ్వాన్సు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నాడు. ఇవ్వకపోతే సీటు పోతుందంటున్నాడు. ఇవ్వవచ్చా? (ఒక గృహిణి, తాడిపత్రి)

సమాధానం: ఇవ్వకండమ్మా. కాలేజీలు, విశ్వవిద్యాలయాలు ఒరిజినల్ సర్టిఫికెట్లను సరిచూసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. విద్యార్థి మనసు మార్చుకుంటే ఫీజు ఎంత తిరిగి ఇవ్వాలో కూడా అందులోనే ఉంది. ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు, అంతకు ముందే మానుకుంటే ప్రాసెసింగ్ ఖర్చు కింద 5 శాతానికి, అదీ 5,000 రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాదంతా ఇవ్వాలి. చివరి తేదీకి పదిహేను రోజులకన్నా తక్కువ గడువున్నప్పుడు మానుకుంటే 90 శాతం, చివరి తేదీ దాటాక పదిహేను రోజుల్లోపు 80 శాతం, పదిహేను రోజులు దాటి ముప్పై రోజుల్లోపు అయితే 50 శాతం తిరిగి రావాలి. ఇదంతా రసీదు ఉన్నప్పటి మాట. రసీదు లేకుండా మధ్యవర్తి చేతిలో పెట్టిన డబ్బుకు ఏ నిబంధనా అండగా రాదు. సీటు నిజంగా కావాలనుకుంటే కాలేజీ ఖాతాకే కట్టి, కాలేజీ పేరు, తేదీ, కోటా రాసిన రసీదు తీసుకోండి. సర్టిఫికెట్ల నకళ్ళు ఇస్తే చాలు.

ప్రశ్న: మాది ఉరవకొండ. అనంతపురం కాలేజీలో సీటు వచ్చింది. ఇంట్లో రోజూ బస్సులో పోయి రమ్మంటున్నారు, హాస్టలంటే ఒప్పుకోవడం లేదు. ర్యాగింగ్ భయం కూడా చెబుతున్నారు. (ఒక విద్యార్థిని, ఉరవకొండ)

సమాధానం: ఉరవకొండ నుంచి అనంతపురం దాదాపు యాభై కిలోమీటర్లు. బస్సు కోసం నిలబడే సమయం కూడా కలిపితే రోజుకు మూడు, మూడున్నర గంటలు దారిలోనే పోతాయి. చదువుకునే సమయం తగ్గుతుందన్నది ఒక సంగతి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. కాలేజీలో క్లాసులు అయిపోయాకే ఖాళీ ల్యాబు దొరుకుతుంది, మాస్టారు తీరిగ్గా మాట్లాడతారు, ప్రాజెక్టు జట్టు కూర్చుంటుంది. నాలుగున్నర బస్సు కోసం పరుగెత్తే పిల్లలు వాటన్నిటికీ దూరమవుతారు. ఇంట్లో ఈ మాటే వివరించి చెప్పండి. ఒక మధ్యేమార్గం కూడా ఉంది. మొదటి సెమిస్టరు బస్సులో వెళ్ళి, ఈలోగా హాస్టలు భోజనం, నీళ్ళు, కాపలా, అక్కడుండే అమ్మాయిల మాట స్వయంగా తెలుసుకుని, రెండో సెమిస్టరుకు మారవచ్చు. అమ్మానాన్నలను ఒకసారి హాస్టలుకు తీసుకెళ్ళి వార్డెన్‌తో మాట్లాడిస్తే సగం భయం అక్కడే తీరుతుంది.

ర్యాగింగ్ విషయంలో మన రాష్ట్రంలో 1997 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. యూజీసీ ఉచిత ఫోను నంబరు 1800-180-5522కు ఏ వేళలోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ఆ నంబరు మీ ఫోనులోనూ, నాన్నగారి ఫోనులోనూ రాసి పెట్టుకోండి.

ప్రశ్న: ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి. నాకు చరిత్ర, తెలుగు ఇష్టం. డిగ్రీలో చేరతానంటే బంధువులు "బీటెక్ రాక డిగ్రీకి పోతున్నాడు" అని నవ్వుతున్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. డిగ్రీకి విలువ ఉందా? (ఒక విద్యార్థి, ప్రొద్దుటూరు)

సమాధానం: నవ్వేవారికి ఒక సంగతి చెప్పండి. 1916లో మొదలైన అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం పాఠం చెప్పారు, నీలం సంజీవరెడ్డి చదువుకున్నారు. ఇద్దరూ రాష్ట్రపతులయ్యారు. బంధువుల నోరు మూయించడానికి ఇది చాలు గాని, మీరు నిర్ణయం తీసుకోవడానికి చాలదు. దానికి ఇప్పటి డిగ్రీ ఎలా ఉందో తెలియాలి.

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ నాలుగేళ్ళ ఆనర్స్‌గా మారింది. మూడేళ్ళు పూర్తిచేసి డిగ్రీతో బయటికి రావచ్చు, నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్ వస్తుంది. 2023-24 నుంచి వెనకటిలా మూడు సబ్జెక్టులకు సమాన బరువు కాక ఒకే మేజర్ సబ్జెక్టు విధానం వచ్చింది. అంటే చేరేటప్పుడు ఎంచుకున్న మేజరే మీ పీజీని, ఆపైన మీ బతుకుదారిని చాలావరకు నిర్ణయిస్తుంది. కాబట్టి ఊళ్ళో దగ్గరగా ఉందని ఏదో ఒక కాలేజీలో చేరకండి. మీ మేజర్‌కు ఆ కాలేజీలో రెగ్యులర్ అధ్యాపకులు ఉన్నారా, లేక ఏటా మారే అతిథి అధ్యాపకులతో నెట్టుకొస్తున్నారా అన్నది మొదట తెలుసుకోండి. డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల్లో (ఓఏఎండీసీ) కూడా ఆప్షన్లను ఇష్టం ప్రకారమే వరుస పెట్టాలి. కర్నూలు సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కాలేజీ లాంటి చోట హాస్టలులో ఉండి చదువుకునే వాతావరణం ఉంది. దాని ప్రవేశ పద్ధతి, తేదీలు విడిగా కనుక్కోండి.

డిగ్రీ తర్వాత దారులు మూసుకుపోవు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు ఏపీపీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ రాయవచ్చు. 2018లో అనంతపురంలోనే కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1981 నాటి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2006లో ఏర్పడిన కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008 నాటి కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. తెలుగు, చరిత్ర చదివేవారికి కడపలోని సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం మీ ఊరికి గంటన్నర ప్రయాణంలో ఉంది. బ్రౌన్ నివసించిన చోటే వెలసిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలు, తాళపత్రాలు ఉన్నాయి. డిగ్రీ చదివే రోజుల్లోనే నెలకోసారి అక్కడ కూర్చునే అలవాటు చేసుకున్న విద్యార్థి పీజీ ఇంటర్వ్యూలో ఎవరికీ తీసిపోడు. గ్రూప్స్ పరీక్షలకు కూడా చరిత్ర మేజర్ నేరుగా ఉపయోగపడుతుంది.

ఇంగ్లీషు గురించి కంగారు పడవద్దు, అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు. డిగ్రీ పాఠాలు ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలోనే సాగుతున్నాయి. మొదటి సెమిస్టరులో పాఠాన్ని ముందు తెలుగు పుస్తకంలో చదివి అర్థం చేసుకుని, తర్వాత అదే పాఠాన్ని ఇంగ్లీషులో చదివి, సొంత వాక్యాల్లో ఒక పేజీ రాసి మాస్టారికి చూపించండి. బజారులో దొరికే ప్రశ్న జవాబుల పుస్తకాలను కంఠతా పడితే పరీక్ష గట్టెక్కుతుంది గాని భాష రాదు.

ప్రశ్న: కడప దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్) రెండో సంవత్సరంలోకి వచ్చాను. కోరుకున్న కాలేజీ కాదు, కోరుకున్న బ్రాంచీ కాదు. క్లాసులు అంతంత మాత్రం, ప్లేస్‌మెంట్లకు పెద్ద కంపెనీలు రావు. మిగిలిన మూడేళ్ళు వృథా అవుతాయని దిగులుగా ఉంది. (ఒక విద్యార్థి, జమ్మలమడుగు)

సమాధానం: కాలేజీ గురించి మీరు రాసిన ఫిర్యాదులు నిజమే అయి ఉండవచ్చు. వాటిని కాదనడం లేదు. అయితే మీ బ్రాంచి గురించి మాత్రం మీకు ఎవరో తప్పు చెప్పారు. ట్రిపుల్‌ఈ చదివే కుర్రవాడికి మీ చుట్టుపక్కల ఉన్నంత పని దేశంలో చాలా జిల్లాల్లో లేదు. మీ ఊరికి దగ్గరలోనే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు, ఎన్‌పీ కుంటలో మరో సౌర పార్కు ఉన్నాయి. అనంతపురం కొండల మీద గాలిమరలు, పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా ఫ్యాక్టరీ ఉన్నాయి. వీటన్నిటికీ ట్రాన్స్‌ఫార్మర్లు, ఇన్వర్టర్లు, మోటార్లు, సబ్‌స్టేషన్లు కావాలి, వాటిని అర్థం చేసుకున్న మనుషులూ కావాలి.

అందుకని వేసవి ఇంటర్న్‌షిప్‌ను తేలిగ్గా వదలకండి. డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతి కాలేజీల్లో బాగా పెరిగింది. ఆ కాగితం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది. మీ విభాగాధిపతి సంతకంతో లేఖ తీసుకుని, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే థర్మల్ కేంద్రానికో, విద్యుత్ పంపిణీ సంస్థ సబ్‌స్టేషన్‌కో, సిమెంటు ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ విభాగానికో స్వయంగా వెళ్ళి అడగండి. రెండు చోట్ల కాదంటారు, మూడో చోట రమ్మంటారు. అక్కడ నాలుగు వారాలు ఒక రిలే ప్యానెల్ ఎలా పనిచేస్తుందో గమనించి, రోజూ సాయంత్రం ఒక పేజీ రాసుకుంటే అదే మీ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు విత్తనమవుతుంది.

కాలేజీ లోపలి సంగతికొస్తే, మీ దగ్గర ఒక ఆయుధం ఉంది, దాన్ని దాదాపు ఎవరూ వాడరు. అది ల్యాబు. జరిగేదేమిటో మీకూ తెలుసు. ఒక్కడు వైర్లు కలుపుతాడు, మిగిలినవాళ్ళు కిందటి ఏడాది సీనియర్ రికార్డు తెచ్చి అంకెలు ఎక్కించుకుంటారు, గ్రాఫు గీస్తారు, సంతకం పడుతుంది. వచ్చే వారం నుంచి ఆ వైర్లు కలిపేవాడు మీరే అవ్వండి. డీసీ మోటారు వేగ నియంత్రణ ప్రయోగంలో ఫీల్డ్ రియోస్టాట్ ఎందుకు కనిష్ఠ స్థానంలో పెట్టి మొదలుపెట్టాలి, ఆర్మేచర్ రియోస్టాట్ ఎందుకు గరిష్ఠ స్థానంలో పెట్టాలి అన్నది మీ వేళ్ళతో తిప్పినప్పుడు అర్థమైనట్టు పుస్తకంలో అర్థం కాదు. అంకె తప్పు వస్తే దాచకండి, ఎందుకు తప్పొచ్చిందని ల్యాబ్ టెక్నీషియన్‌ను అడగండి. ఇరవై ఏళ్ళుగా ఆ యంత్రాలతో ఉన్న అటెండరుకు తెలిసిన సంగతులు కొన్ని ప్రొఫెసర్లకూ తెలియవు.

పాఠం బాగా చెప్పని సబ్జెక్టులకు ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఐఐటీ, ఐఐఎస్‌సీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా చూడవచ్చు, చాలా కోర్సులకు తెలుగులో రాతప్రతులూ దొరుకుతాయి. వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75 మార్కులు. పరీక్ష రాయాలనుకుంటేనే రుసుము కట్టాలి. సెమిస్టరుకు ఒక్క కోర్సు చాలు. ఒకేసారి ఐదు మొదలుపెట్టి మూడో వారంలో అన్నీ వదిలేసేవారే ఎక్కువ.

గేట్ పరీక్షను బీటెక్ మూడో సంవత్సరంలోనే రాయవచ్చు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. ఆ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వస్తుంది. కొన్ని ప్రభుత్వరంగ విద్యుత్ సంస్థలు ఉద్యోగాలకూ అదే స్కోరు చూస్తాయి. గేటులో మీ కాలేజీ పేరు ఎవరూ అడగరు. పెద్ద కంపెనీలు క్యాంపస్‌కు రాని చోట చదివేవారికి ఇది అన్నిటికంటే న్యాయమైన దారి. నెట్‌వర్క్స్, మెషీన్స్, పవర్ సిస్టమ్స్ మీకు ఈ రెండు సంవత్సరాల్లోనే వస్తాయి కాబట్టి సెమిస్టరు పరీక్షకూ గేటుకూ విడిగా చదవకుండా, ప్రతి యూనిట్ అయిపోగానే పాత గేట్ ప్రశ్నలు పదేసి చేయండి. ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితా చదివి 70 మార్కుల పేపరు గట్టెక్కే అలవాటు దానంతటదే పోతుంది.

హాజరు సంగతి మాత్రం మరువకండి. 75 శాతం కంటే తగ్గితే కండోనేషన్ రుసుము కట్టి మినహాయింపు పొందాలి, 65 కంటే తగ్గితే డిటెన్షన్, అంటే పరీక్షలు రాయనివ్వరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా 75 శాతం హాజరుకు ముడిపడి ఉంది. క్లాసు బాగా లేదని మానేసి గదిలో చదువుకుంటామనే ధైర్యం చాలామందిని ముంచింది.

ప్రశ్న: పాలిటెక్నిక్ పూర్తిచేశాను, ఈసెట్ రాసి బీటెక్‌లో చేరాలనుకుంటున్నాను. నేరుగా రెండో సంవత్సరంలోకి వెళితే వెనకబడతామంటున్నారు, నిజమేనా? (ఒక విద్యార్థి, గుత్తి)

సమాధానం: ఒక్క గణితంలో తప్ప వెనకబడేది లేదు. డిప్లొమా చేసినవారికి యంత్రాలు, డ్రాయింగు, వర్క్‌షాపు మిగతావారి కంటే బాగా వస్తాయి. మొదటి సంవత్సరం బీటెక్‌లో చెప్పే మాత్రికలు, అవకలన సమీకరణాలు, బహుచర కలనగణితం మాత్రం మీకు తప్పిపోతాయి. రెండో సంవత్సరంలో లాప్లాస్, ఫోరియర్ పరివర్తనాలు, సంకీర్ణ చలరాశులు ఆ పునాది మీదే మొదలవుతాయి. కొత్తగా చేరినవారికి బ్యాక్‌లాగ్ పడేది ఎక్కువగా అక్కడే. ఈసెట్ ఫలితాలకూ క్లాసులు మొదలవడానికీ మధ్య దొరికే వారాల్లో ఎవరైనా సీనియర్ దగ్గర మొదటి సంవత్సరం గణితం పుస్తకం తెచ్చుకుని, ముందు మాత్రికలు, తర్వాత మొదటి పరిమాణ (ఫస్ట్ ఆర్డర్) అవకలన సమీకరణాలు పూర్తిచేయండి. కళాశాల ఎంపికలో మాత్రం పత్తికొండ పాఠకుడికి చెప్పినవే మీకూ వర్తిస్తాయి. అదనంగా, అక్కడ ఈసెట్ ద్వారా చేరినవారికి మొదటి నెలలో గణితం బ్రిడ్జి క్లాసులు పెడతారా అని కూడా అడగండి.